ఆడగలవా అని అందరి ముందు అడగకు

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు కబడ్డీ ఆట మానేస్తున్నావట, పటియాలా ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమాకు దరఖాస్తు పెట్టావట, అది పూర్తయ్యాక ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా వెళ్తావట. ఆవిడ గొంతులో దిగులు వినిపించింది. నాకు మాత్రం ముందు ఛాతీ ఉప్పొంగింది, ఆ తరవాత తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబుదామంటే మధ్యలోనే "సరే మావయ్యా" అనేస్తావు. అందుకే రాస్తున్నాను. ఓపికగా చదువు.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. రూల్సు పుస్తకం కొత్తది తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదువు. ఇన్నేళ్లు ఆడాను కదా, అన్నీ తెలుసు అనుకోకు. జమాఖర్చులు ఏ రోజువి ఆ రోజే రాసుకో, ఆర్టీసీ టికెట్లు పారెయ్యకు. బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు పిల్లలు పడుకునే గది గడియ సరిగ్గా పడుతోందో లేదో నీ చేత్తో నువ్వే చూడు. సీనియర్ ఆడపిల్లలకు 75 కిలోల పరిమితి ఉంది కదా, తూకం రోజు ముందు ఎవరైనా అన్నం, నీళ్లు మానేస్తున్నారేమో గమనించు. ఒకటిన్నర కిలో కోసం పస్తున్న పిల్ల మర్నాడు కూతలో ఊపిరి నిలపలేదు.

ఇంకొకటి. బరి మూలన నిలబడి కూతకొచ్చిన రైడర్‌ను పట్టే కార్నర్‌లో పెరిగినదానివి కాబట్టి నీ కళ్లు ఎప్పుడూ రైడర్ పాదాల మీదే ఉంటాయి. బరువు ఏ కాలి మీద వేసింది, బోనస్ గీత వైపు మడమ ఎప్పుడు లేస్తుంది, అది కనిపెట్టే కదా పద్నాలుగేళ్లు రైల్వే జట్టులో ఆ మడమ పట్టు పట్టావు. కోచ్‌కి అది చాలదు. బెంచీ మీద కూర్చుంటే ఏడుగురూ ఒక్కసారే కనిపించాలి. పైగా కూతకు వెళ్లిన పిల్లకు 30 సెకన్లు ఎంత చిన్నవో నీకు తెలియదు, డిఫెన్సులో నిలబడ్డ నీకు అవి ఎప్పుడూ పొడవుగానే ఉండేవి. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయాక మూడోది, పాయింటు తేకపోతే ఔట్, అవతల ఆరుగురు చేతులు పట్టుకుని గొలుసు కట్టారు. అక్కడికి వెళ్లే పిల్ల మనసు ఎలా ఉంటుందో నేర్చుకో. రోజూ గీత దాటి అవతలి బరిలోకి నువ్వే వెళ్లి చూడు. పరుగు వద్దు, నడుస్తూ వెళ్లు చాలు.

ఈ ఆలోచన నీకు ఎప్పుడు మొలిచిందో నాకు తెలుసు. 2018లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన అమ్మాయిలు ఇరాన్ చేతిలో 27-24తో ఓడిపోయిన రోజు ఫోను చేసి వెక్కి వెక్కి ఏడ్చావు. మర్నాడు మళ్లీ చేశావు. ఆ ఇరాన్ జట్టును తయారు చేసింది మన నాసిక్ ఆవిడే, శైలజా జైన్, అని పేపర్లో చదివానన్నావు. "ఒక్క ఆడమనిషి, మావయ్యా, అంత దూరం వెళ్లి" అని ఆగిపోయావు. ఆ ఆగిపోయిన చోటే నాకు అర్థమైంది.

ఓటమికి సిద్ధపడి వెళ్లు. ఆటగాళ్లు ఓడితే ఆ రాత్రికి స్నానం చేసి పడుకుంటారు, కోచ్‌కి అది వారాల తరబడి ఉంటుంది. మన్‌ప్రీత్ సింగ్‌ని చూడు. 2016లో పట్నా పైరేట్స్ కెప్టెన్‌గా ప్రో కబడ్డీ కప్పు ఎత్తాడు. మరుసటి ఏడాది గుజరాత్ జట్టుకు కోచ్‌గా వచ్చి వరుసగా రెండు సీజన్లు ఫైనల్లో ఓడిపోయాడు. ఆ తరవాత హర్యానా స్టీలర్స్‌ను ఫైనల్ దాకా తెచ్చి 28-25తో మళ్లీ ఓడాడు. 2024 డిసెంబరులో, నాలుగోసారి, గెలిచాడు. అదీ తను కెప్టెన్‌గా ఆడిన పట్నా మీదే. మూడు ఫైనళ్లు పోయాక కూడా పిల్లల ముందుకు వచ్చి "రేపు ఆరింటికి ప్రాక్టీసు" అని చెప్పడానికి ఎంత గుండె కావాలో కప్పు ఎత్తిన ఫొటోలో కనిపించదు.

సరే. ఇవన్నీ నీకు ఎవరైనా చెబుతారు. నేను రాయడానికి కూర్చున్నది ఇందుకు కాదు.

నీకు అప్పటికి ఆరేళ్లు. సాయంత్రం పూట సున్నం డబ్బా పట్టుకుని నా వెనకాలే గ్రౌండుకు వచ్చేదానివి. గీత వంకరగా పోస్తే చెరిపి మళ్లీ పోయించేవాణ్ణి, ఏడుపు మొహంతోనే మళ్లీ పోసేదానివి. ఆ రోజుల్లో నా జట్టులో ఒక రైడర్ ఉండేది. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని బరి చుట్టూ తిప్పేది, గుర్తుందా? తరవాత ఆ అక్క ఎందుకు రావడం లేదని నన్ను చాలాసార్లు అడిగావు. కాలికి దెబ్బ తగిలిందని మాత్రం చెప్పాను. మిగతాది ఇప్పుడు చెబుతున్నాను.

అంతర్ జిల్లా పోటీల సెమీఫైనల్. మట్టి కోర్టు, అందరూ వట్టి కాళ్లతోనే. మొదటి సగం చివర్లో ఆ పిల్ల కూతకు వెళ్లి, తిరిగి వస్తూ ఒక్కసారిగా దిశ మార్చబోయి పడింది. ఎవరూ తాకలేదు. లేచి కుంటుకుంటూ వచ్చి "లోపల ఏదో టప్పుమంది సార్" అంది. విరామం ఐదు నిమిషాలు. మేం నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నేను ఐసు పెట్టి క్రేప్ బ్యాండేజీ చుట్టడం మొదలుపెట్టాను. నొప్పికి ఆ పిల్ల పిక్క మీద రోమాలు నిలబడి ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా చుట్టుకుంటూ పోయాను. చివరి చుట్టు వేసి, మిగిలిన ఆరుగురూ చుట్టూ నిలబడి వింటుండగా, "ఆడగలవా?" అని అడిగాను.

పదిహేడేళ్ల పిల్ల. తనతో అన్నం తిన్న పిల్లలు ఆరుగురు తన మొహంలోకే చూస్తున్నారు. కోచ్ మోకాళ్ల మీద కూర్చుని అడుగుతున్నాడు. ఏమంటుంది? "ఆడతాను సార్" అంది. నేను అది విని, చూశారా దమ్ము అంటే అదీ అని అందరికీ వినిపించేలా అన్నాను. ఆ మాట కూడా అన్నాను, అమ్మలూ.

రెండో సగంలో మూడు కూతలు వెళ్లి రెండు పాయింట్లు తెచ్చింది. నాలుగో కూతలో నడి బరిలో నిలబడి ఉండగానే కాలు మడత పడిపోయింది. ఆ అరుపు చెడుగుడు మధ్యలో వచ్చింది, మొదట ఎవరికీ అర్థం కాలేదు. మ్యాచ్ రెండు పాయింట్ల తేడాతో గెలిచాం.

తరవాత చేసింది ఇంకో తప్పు. వాపే కదా తగ్గుతుందిలే అని పసరు కట్టు కట్టించాను. ఎముక విరిగితే కట్టు పని చేస్తుందేమో గానీ మోకాల్లో తెగిన లిగమెంటు కట్టుతో అతకదని నాకు చెప్పినవాళ్లు లేరు, నేను అడగనూ లేదు. హైదరాబాదు తీసుకెళ్లి ఎమ్మారై తీయించేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. లిగమెంటుతో పాటు లోపలి మెత్త కూడా చిరిగిపోయింది. ఆపరేషనుకు వాళ్ల దగ్గర డబ్బు లేదు, నేను పోగుచేసింది చాలలేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్న నా పక్కన కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. కొంతసేపయ్యాక లేచి రెండు టీలు తెచ్చి ఒకటి నా చేతికిచ్చి "పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేరు సార్" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణేమో.

పోయిన వైశాఖంలో ఒక పెళ్లిలో కనిపించింది. ఫంక్షన్ హాలు మెట్లు దిగుతోంది. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆ తరవాతే కింది మెట్టుకు. నన్ను చూసి నవ్వి "బాగున్నారా సార్" అంది.

ఇది నీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆ పిల్ల సంగతి తెలిసిన తరవాత కూడా నేను నిన్ను అలాగే పెంచాను. వేలు విరిగితే పక్క వేలికి కలిపి టేపు చుట్టుకుని ఆడావని ఊరంతా చెప్పుకున్నాను. జ్వరంతో ఆడిన మ్యాచ్ గురించి మీ అత్తయ్యకు వందసార్లు చెప్పాను. నువ్వు నొప్పిని లెక్క చెయ్యవు, నాకు అది గర్వమే, ఇప్పటికీ గర్వమే. కానీ రేపు నీ ముందు నిలబడే పదహారేళ్ల పిల్లలు నిన్నే కొలతగా పెట్టుకుంటారు. అక్క విరిగిన వేలితో ఆడింది, నేను మోకాలితో ఆడలేనా అనుకుంటారు. ఆ కథలు వాళ్ల దగ్గర చెప్పకు. ఎవరైనా అడిగినా చెప్పకు. నేను కూడా ఇక చెప్పను.

ఎవరికైనా దెబ్బ తగిలితే పక్కకు తీసుకెళ్లు, ఒంటరిగా మాట్లాడు. ఆడగలవా అని అసలు అడగకు, ఆ ప్రశ్నకు ఆడేవాళ్లు ఎవరూ నిజం చెప్పరు. చూడు. ఒంటికాలి మీద నిలబెట్టు, అర గుంజీ తీయించు, ఒక్క గెంతు గెంతమను. మోకాలు లోపలికి వంగిపోతుంటే, గెంతడానికి జంకుతుంటే, చప్పుడైందని చెబితే, గంటల్లో వాపు వస్తే, ఆట అక్కడితో ఆపెయ్యి. ఫైనల్ అయినా సరే. బెంచీ మీద కూర్చోబెట్టింది నేనే అని అందరికీ గట్టిగా చెప్పు, భయపడి మానేసిందన్న మాట ఆ పిల్ల మీద పడకూడదు. ఆడపిల్లలకు మోకాలి ముందు లిగమెంటు తెగే ప్రమాదం మగపిల్లలకన్నా ఎక్కువని ఇప్పుడు డాక్టర్లందరూ చెబుతున్నారు. తొడ వెనక కండరాలు బలపడేలా, మోకాళ్లు వంచి మెత్తగా నేల మీద దిగేలా వారానికి మూడు రోజులైనా చేయించు. విసుక్కుంటారు. చేయించు.

జట్టు ఓడిపోతే పై నుంచి ఫోన్లు వస్తాయి, నీ ఉద్యోగం గురించి కూడా మాట్లాడతారు. ఆ రోజు నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

నా విజిలు, పాత నోటు పుస్తకాలు రెండు బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. రెండో పుస్తకంలో ఆ మ్యాచ్ స్కోరు ఉంటుంది, దాని పక్కన ఏమీ రాసి ఉండదు.

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. నువ్వు ఈ మధ్య ఇంటికి వచ్చినప్పుడు కింద కూర్చోకుండా కుర్చీ వేసుకుని అన్నం తిన్నావట. ఏ మోకాలు? ఎప్పటి నుంచి? పటియాలా వెళ్లేలోపు ఎమ్మారై తీయించుకో, డబ్బు నేను పంపుతాను. రిపోర్టు అమ్మకు చూపించక్కర్లేదు, నాకు పంపు.

ఇట్లు,
నీ మావయ్య