బూడ్వార్ ఫొటోలు ఇంట్లోనే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పడకగది ఏకాంతంలో తీసుకునే శృంగార ఛాయాచిత్రాలివి. స్టూడియోకి వెళ్లడం ఇష్టంలేక సొంతంగా ప్రయత్నిస్తున్నవారు రాసిన ఉత్తరాల్లోంచి ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు తీసుకున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: పెళ్లిరోజుకి మావారికి చిన్న ఆల్బమ్ ఇద్దామని ఫోన్‌తో తీసుకుంటున్నాను. ట్యూబ్‌లైటు, బెడ్‌ల్యాంపు, కిటికీ వెలుతురు అన్నీ ఉన్నాయి. అయినా ఒళ్లు ఒకచోట పసుపుగా, ఒకచోట నీలంగా వస్తోంది. ఇంకో లైటు కొనమంటారా? (గృహిణి, కాకినాడ)

జవాబు: కొనొద్దు, ఉన్నవాటినే ఆర్పేయండి. బెడ్‌ల్యాంపుది పసుపు, ట్యూబ్‌లైటుది తెల్లటి నీలం, కిటికీది మరో రంగు. కెమెరా ఒక ఫొటోలో ఒక్క రకం వెలుతురునే సరిగ్గా తెలుపు చేయగలదు. మూడూ కలిస్తే ఏది సర్దినా మిగతావి చెడతాయి.

కిటికీ ఒక్కటే చాలు, కానీ నేరుగా ఎండ పడకూడదు. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం, పడమటి కిటికీ అయితే పొద్దున పనికొస్తుంది. ఉత్తరం కిటికీ అన్నిటికన్నా మేలు. అయితే మన దగ్గర జూన్, జులై నెలల్లో ఉదయం, సాయంత్రం అటునుంచి కూడా ఎండ వస్తుంది. అప్పుడు పల్చటి తెల్ల పంచె ఒకటి కిటికీకి అడ్డంగా కట్టండి, వెలుతురు మెత్తబడుతుంది.

కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో, దానికి పక్కగా ఉండండి. కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. కెమెరా వెనక ఉంటే ఒంటి మీద నీడే పడదు, ఒంపులు కనిపించవు. పక్కనుంచి పడే వెలుతురులోనే ఆకారం తేలుతుంది. కాకపోతే సాగిన చారలు, చర్మం గరుకు కూడా దాంతోపాటే తేలతాయి. అవి వద్దనుకుంటే కిటికీవైపు మరికాస్త తిరగండి. నీడ మరీ చిక్కగా ఉంటే అవతలి పక్క రెండడుగుల తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టండి. నీడే కావాలంటే అదే చోట నల్ల దుప్పటి వేలాడదీయండి.

గోడ రంగు కూడా చూసుకోండి. ఆకుపచ్చ, గులాబీ గోడలు తమ రంగుని ఒంటిమీద పూస్తాయి. గోడకి బూడిదరంగు లేదా మీగడరంగు దుప్పటి కట్టండి.

చివరగా, గది చీకటిగా ఉందని ఫోన్ తనంతట తానే ఫొటోని వెలిగించేస్తుంది, మీకు కావలసిన నీడ పోతుంది. తెరమీద ముఖాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి జరపండి. ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే.

ప్రశ్న: సెల్ఫీ కెమెరాతో తీస్తే ముక్కు పెద్దగా, పడుకుని తీస్తే కాళ్లు భారీగా వస్తున్నాయి. సగం ఫొటోలు మసకగా కూడా ఉన్నాయి. (ఉద్యోగిని, వరంగల్)

జవాబు: లోపం మీ ఒంట్లో లేదు, దూరంలో ఉంది. లెన్సుకి ఏది దగ్గరుంటే అది పెద్దదవుతుంది. వెనక కెమెరా వాడండి, 2x (రెండింతల జూమ్) పెట్టండి, ఆరేడు అడుగుల దూరంలో ట్రైపాడ్ మీద ఉంచండి. నిలబడితే ఛాతీ ఎత్తున, పడుకుంటే పరుపు ఎత్తున ఉండాలి. పాదాలు లెన్సువైపు కాకుండా అడ్డంగా పడుకోండి.

మసకకి కారణాలు మూడు. మొదటిది లెన్సుమీద వేలిముద్రలు, నూలుగుడ్డతో తుడవండి. రెండోది నైట్ మోడ్. అది అనేక ఫొటోలని కలిపి ఒకటి చేస్తుంది గనక మీరు కదిలితే చెరిగిపోతుంది, ఆపేయండి. మూడోది ఫోకస్. మీరుండే చోట దిండు పెట్టి, దానిమీద లాక్ చేసి, 10 సెకన్ల టైమర్‌తో వెళ్లి అదే చోట ఉండండి. పరుగెత్తడం విసుగైతే చిన్న బ్లూటూత్ రిమోట్ అరచేతిలో ఇమిడిపోతుంది. అదీ లేకపోతే 4కె వీడియో పెట్టి, ప్రతి భంగిమలో మూడు సెకన్లు కదలకుండా ఉండండి. ఒక్కో ఫ్రేము 8 మెగాపిక్సెళ్లు, 5x7 అంగుళాల ప్రింటుకి ఢోకా లేదు.

ప్రశ్న: దీనికోసం ఖరీదైన లోదుస్తులు కొనాలా? (నెల్లూరు)

జవాబు: అక్కర్లేదు. షిఫాన్ చీర, భర్త తెల్లచొక్కా చాలు. పెద్ద జరీ అంచు మెరిసి చూపుని లాగేస్తుంది, మానేయండి. బిగుతు బట్టలు గంట ముందే తీసేసి వదులు నైటీలో ఉండండి, లేకపోతే ఎలాస్టిక్ అచ్చులు ఫొటోలో పడతాయి. చేతిని ఒంటికి నొక్కిపెట్టకుండా కాస్త ఎడం ఇవ్వండి, గడ్డాన్ని ముందుకి, కొద్దిగా కిందికి ఉంచండి. స్విచ్‌బోర్డు, చార్జర్ వైరు, క్యాలెండరు ఫ్రేములో లేకుండా చూడండి.

ప్రశ్న: నిలువుటద్దం ముందు తీసుకోవచ్చా? (హైదరాబాద్)

జవాబు: హాయిగా. అద్దానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఫోన్ చేతిలో పట్టుకుంటే ఎనిమిది అడుగుల నుంచి తీసినట్టే, అందుకే ఆకారం చెడదు. ఫోకస్ అద్దం మీద కాదు, ప్రతిబింబం మీద పెట్టండి. వెలుతురు అద్దం మీద కాక మీ మీద పడాలి. ఫ్లాష్ వద్దు.

ప్రశ్న: ఇవి ఎవరికంటైనా పడతాయని భయం. ఎక్కడ దాచుకోవాలి? (గుంటూరు)

జవాబు: తీసిన తర్వాత కాదు, తీయకముందే చూసుకోవాలి. మొదట గూగుల్ ఫొటోస్ బ్యాకప్, ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్ ఆపండి. లేకపోతే అదే ఖాతా ఉన్న పిల్లల ట్యాబ్‌లో, ఇంటి టీవీలో కూడా కనిపించవచ్చు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ కూడా తీసేయండి. తర్వాత ఫొటోలని గూగుల్ ఫొటోస్ లాక్డ్ ఫోల్డర్‌లోకి మార్చండి. బ్యాకప్ లేకుండా అందులో ఉంచినవి, యాప్ తీసేస్తే పోతాయని గుర్తుంచుకోండి. ఐఫోన్ హిడెన్ ఆల్బమ్‌కి తాళం ఉంటుంది గానీ, ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే అందులోవీ ఐక్లౌడ్‌లోకి వెళ్తాయి. చెరిపేసినవి ట్రాష్‌లో రోజుల తరబడి ఉంటాయి, అక్కడా ఖాళీ చేయండి. వాట్సాప్ 'వ్యూ వన్స్' (ఒక్కసారే తెరుచుకునేలా పంపడం) స్క్రీన్‌షాట్‌ని ఆపుతుంది, రెండో ఫోన్‌తో తీసే ఫొటోని ఆపలేదు. ప్రింట్లు ల్యాబ్‌కి పంపకుండా ఇంట్లోనే ఫొటో ప్రింటర్ మీద వేసుకోండి.

మీ ఇష్టంతో తీసుకున్న ఫొటో అయినా, మీ అనుమతి లేకుండా ఇతరులకు పంపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. ఐటీ చట్టం 66ఇ కూడా వర్తించవచ్చు. బెదిరింపు వస్తే డబ్బు పంపకండి. సంభాషణల స్క్రీన్‌షాట్లు, లింకులు దాచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. అక్కడ మహిళలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. 'స్టాప్ఎన్‌సీఐఐ' సైటు మీ ఫొటోకి ఒక సంకేతాన్ని మీ ఫోన్‌లోనే తయారుచేసి, అక్కడ ఆ ఫొటో ఎవరైనా పెడితే గుర్తించి ఆపడానికి ఆ సంకేతాన్ని మాత్రమే తనతో కలిసి పనిచేసే వేదికలకు పంపుతుంది, ఫొటో మీ దగ్గరే ఉంటుంది.