రూ.65 వేల కొటేషన్‌కి చీటీ పాడకండి, ముందు రెండో డిస్క్ సంగతి తేల్చండి

ప్రశ్న: మాది కాకినాడ. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.52 వేలు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు రూ.40 వేల దాకా అవుతుంది. సెలవు రోజుల్లో పెళ్లి వీడియోలు తీసి, ఎడిట్ చేసి ఇస్తుంటాను. ఇంట్లో ఫైళ్లు దాచుకోవడానికి వైఫై రూటర్‌కి కలిపి వాడుకునే నాస్ బాక్స్ ఒకటి ఉంది. అందులో 4 టీబీ డిస్కులు రెండు. యాప్‌లో మొత్తం స్థలం 3.6 టీబీ అని చూపించేది. పోయిన వారం కరెంటు పోయి వచ్చాక ఎర్ర లైటు వెలిగి బాక్స్ ఆగిపోయింది. ఒక డిస్క్ టిక్ టిక్ మంటోంది, రెండోది మామూలుగానే తిరుగుతోంది. పిల్లల ఫొటోలు, కాలం చేసిన మా నాన్నగారి వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు, ఇంకా డెలివరీ ఇవ్వని మూడు పెళ్లిళ్ల ఫుటేజీ అందులోనే ఉన్నాయి. ఆ పెళ్లిళ్లకు రూ.90 వేలు అడ్వాన్స్ తీసుకున్నాను, ఇంకో రూ.75 వేలు రావాలి. హైదరాబాద్‌లో ఒక రికవరీ ల్యాబ్ రెండు డిస్కులకూ కలిపి రూ.55 వేలు, జీఎస్టీ అదనం అంది. ఇక్కడి షాపతను రూ.3 వేలకే విప్పి చూస్తానంటున్నాడు. అత్యవసరానికని దాచిన రూ.1.8 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. వాటిని ముట్టుకోవద్దు, రూ.2 లక్షల చీటీ పాడేద్దాం అంటోంది మా ఆవిడ. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే 16 శాతం వడ్డీ. ఏది మంచిది? ఇంటి బీమాలో ఏమైనా వస్తుందా?

జవాబు: మీ ప్రశ్నలో ఇన్ని అంకెలున్నా నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది 3.6 టీబీ. 4 టీబీ అని అమ్మే డిస్క్‌ని కంప్యూటర్ తన లెక్కలో 3.6 అనే చూపిస్తుంది. రెండు డిస్కులున్న బాక్స్ మొత్తం స్థలం 3.6 అందంటే, ఒకదాంట్లో రాసిందే రెండో దాంట్లోనూ రాస్తోందన్న మాట. దీన్ని మిర్రర్ అంటారు, సెట్టింగుల్లో రెయిడ్ 1 అని ఉంటుంది. రెండూ కలిపి వాడే పద్ధతి అయితే 7.2 చూపించేది. అంటే చప్పుడు చేయని ఆ రెండో డిస్క్‌లో మీ ఫైళ్లన్నీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాంటప్పుడు రెండు డిస్కులకు కోట్ ఎందుకు?

టిక్ టిక్ మనే డిస్క్‌ని బాగుచేయాలంటే దుమ్ము లేని గదిలో విప్పి, అదే మోడల్ డిస్క్ ఇంకోటి తెచ్చి దాని హెడ్లు, అంటే డేటా చదివే భాగాలు, దీనికి మార్చాలి. ఖరీదైన పని. చక్కగా తిరుగుతున్న డిస్క్‌ని కాపీ తీసి అందులోంచి ఫైళ్లు లాగడం వేరే పని, దాని రేటూ వేరు. ల్యాబ్ మోసం చేసిందని నేననను. మీరు రెండు డిస్కులు పాడయ్యాయని చెప్పి ఉంటారు, వాళ్లు రెండింటికీ రేటు చెప్పి ఉంటారు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మిర్రర్‌లో ఒక డిస్క్ ఎప్పుడో జారిపోయినా బాక్స్ రెండో దాంతో నడిచిపోతూనే ఉంటుంది. యాప్‌లో వచ్చిన హెచ్చరిక మనం చూసుకోం. అలా జరిగి ఉంటే, ఇప్పుడు నిశ్శబ్దంగా తిరుగుతున్నది ఆరు నెలల కిందటే ఆగిపోయిన పాత కాపీ కావచ్చు. అందుకని ల్యాబ్‌ని ఇలా అడగండి: “చప్పుడు లేని డిస్క్‌ ఒక్కదానికే కాపీ తీసి, ఫోల్డర్ల జాబితా పంపడానికి ఎంత? అందులో చివరి ఫైలు తారీఖు ఎంత?” ఆ తారీఖు మూడో పెళ్లి తర్వాతిది అయితే టిక్ టిక్ డిస్క్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. డేటా రాకపోతే ఫీజు ఎంత, మార్చే డిస్క్ ఖరీదు విడిగా వేస్తారా, పని అయ్యాక వాళ్ల దగ్గరున్న కాపీ చెరిపేస్తారా అన్నవీ రాతపూర్వకంగా తీసుకోండి. మీ ఆధార్, పాన్ స్కాన్లు కూడా అందులోనే ఉన్నాయి కదా.

ఈలోగా ఆ బాక్స్‌ని మళ్లీ ఆన్ చేయకండి. రీసెట్ బటన్ నొక్కకండి. డిస్క్ తీసి విండోస్ కంప్యూటర్‌కి పెడితే “ఇనిషియలైజ్ చేయాలి” అనో “ఫార్మాట్ చేయాలి” అనో అడుగుతుంది. ఈ బాక్సులు ఎక్కువగా లినక్స్ పద్ధతిలో రాస్తాయి కాబట్టి విండోస్‌కి అది ఖాళీ డిస్క్‌లా కనపడుతుంది. సరే అన్నారో, రూ.10 వేలతో పోయేది కాస్తా రూ.50 వేలకు చేరుతుంది.

రూ.3 వేల షాపతని గురించి ఒక మాట. కొన్నేళ్ల కిందట నా ఆఫీసు డిస్క్ ఇలాగే టిక్ టిక్ మంటే, దగ్గర్లోని ఒక షాపుకి పట్టుకెళ్లాను. ఫ్యాను గిర్రున తిరుగుతోంది, పక్కన టీ గ్లాసు. ఆ కుర్రాడు స్క్రూలు విప్పి మూత తీసి, అద్దంలా మెరిసే పళ్లాన్ని వేలితో తిప్పి చూపించాడు. తర్వాత ల్యాబ్‌కి పంపితే ఫొటో ఒకటి వచ్చింది: పళ్లెం చుట్టూ గోరుతో గీసినట్టు వలయం. ఇక ఎన్ని వేలు ఇచ్చినా రాదన్నారు. షాపతనికి నేనిచ్చింది రూ.1,500. అంత ఖరీదైన రూ.1,500 నేను ఇంతవరకు మళ్లీ ఖర్చు పెట్టలేదు.

ఇప్పుడు ఆ బాక్స్‌లో ఏమేం పోయాయో ఫోల్డర్ వారీగా చూద్దాం. ఇంటి కాగితాలకు రూపాయి కూడా కట్టకండి. పాత ఐటీ రిటర్నులు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఉంటాయి. మ్యూచువల్ ఫండ్ల వివరాలు పాన్‌తో ఒకే స్టేట్‌మెంట్‌గా వస్తాయి. పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లోనే ఉంది. రిజిస్టర్ అయిన దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ, ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ నుంచి తెచ్చుకోవచ్చు.

పెళ్లిళ్ల ఫుటేజీ దగ్గరే అసలు డబ్బు లెక్క. అది పోతే రావాల్సిన రూ.75 వేలు రావు, తీసుకున్న రూ.90 వేలు వెనక్కి అడుగుతారు. మొత్తం రూ.1.65 లక్షలు. వాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే పరిహారం దీనికి అదనం. కానీ మీరు చెప్పనిది ఒకటుంది: కెమెరా కార్డులు ఏమయ్యాయి? ఫార్మాట్ చేసినా, వాటి మీద కొత్తగా ఏమీ తీయకపోతే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే చాలా భాగం రావచ్చు. పెద్ద వీడియోలు ముక్కలుగా వచ్చే ప్రమాదం ఉంది గానీ ప్రయత్నానికి ఖర్చు లేదు. ఈ ఆదివారం పెళ్లి ఉంటే కొత్త కార్డు కొనుక్కుని వెళ్లండి, పాతవి బీరువాలో పెట్టేయండి. డ్రోన్ అబ్బాయికి, రెండో కెమెరా అతనికి ఇవాళే ఫోన్ చేయండి. వాళ్ల దగ్గర వాళ్లు తీసిన భాగం ఉండొచ్చు. పెళ్లివారికి మాత్రం అన్నీ తేలేదాకా “పోయింది” అని చెప్పొద్దు, “రేపు ఇస్తా” అనీ చెప్పొద్దు. బాక్స్ చెడిపోయింది, ల్యాబ్‌కి పంపుతున్నాను, ఫలానా తారీఖుకి కబురు చెబుతాను అనండి.

నాన్నగారి వీడియోలకు విలువ కట్టడం నా పని కాదు. మీరు, మీ ఆవిడ విడివిడిగా కాగితం ముక్కల మీద ఒక అంకె రాసుకోండి, ల్యాబ్ ఫోన్ రాకముందే. ఫోన్ వచ్చాక రాస్తే వాళ్ల అంకె మీ అంకె అయిపోతుంది. ఆలోగా చెల్లెళ్లు, బాబాయిల ఫోన్లలో వాట్సాప్ వీడియోలు వెతికించండి.

ఇక డబ్బు. రూ.55 వేలకు 18 శాతం జీఎస్టీ రూ.9,900 కలిపితే రూ.64,900. కార్డు ఈఎంఐలో 12 నెలలకు నెలకు రూ.5,890 చొప్పున పడుతుంది. వడ్డీ రూ.5,760 దాకా, ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ, పైగా ప్రాసెసింగ్ ఫీజు. చీటీ సంగతి ఇంకా అన్యాయం. రూ.65 వేల అవసరానికి రూ.2 లక్షల చీటీని తొందరపడి పాడితే, మొత్తం రూ.2 లక్షల మీదా కోత పడుతుంది, మిగిలిన డబ్బు ఊరికే చేతిలో ఉండి ఖర్చయిపోతుంది. మీ ఆవిడ బెంగ నాకర్థమైంది, అత్యవసర నిధి ముట్టుకుంటే ఇల్లు కదులుతుందని. కానీ ఉన్నవాటిలో చవకైనది అదే.

దానికి ఒక గీత గీయండి. మీ ఖర్చు నెలకు రూ.40 వేలు కాబట్టి మూడు నెలలది, అంటే రూ.1.2 లక్షలు, ఏం జరిగినా అందులో ఉండాలి. మిగిలిన రూ.60 వేలు మీ గరిష్ఠ పరిమితి. అది కూడా పెళ్లిళ్ల ఫుటేజీ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా దొరకకపోతేనే. కెమెరా కార్డుల్లో దొరికితే, మిగతా వాటికి రూ.30 వేలు దాటొద్దని నా అభిప్రాయం. మీ కాగితం ముక్కల్లో అంతకంటే పెద్ద అంకె రాసుకుంటే, ఆ పై మొత్తాన్ని నాలుగు నెలలు ఆగి, పొదుపు చేసి ఇవ్వండి. డిస్క్‌ని కదపకుండా పొడిగా ఉంచితే నాలుగు నెలల్లో దానికేమీ కాదు. తీసిన డబ్బుకి, బ్యాంకుకి కట్టాల్సి వచ్చేదే అనుకుని నెలకు రూ.5,900 మీ ఖాతాలోనే వేసుకోండి. రూ.60 వేలు తీసినా 11వ నెలకి నిండిపోతుంది.

బీమా సంగతి: ఇంటి పాలసీ సాధారణంగా వస్తువుకే గానీ లోపలి ఫైళ్లకు ఇవ్వదు. డిస్క్‌కి వారంటీ మిగిలి ఉన్నా ఇప్పుడు పంపకండి. పాతది తీసుకుని కొత్తది ఇస్తారు, మీ ఫైళ్లు పాతదాంతో వెళ్లిపోతాయి. డేటా బయటికి వచ్చాకే వారంటీ. వీడియోల ఆదాయాన్ని రిటర్న్‌లో అంచనా పద్ధతిలో చూపిస్తుంటే ఈ బిల్లును ఖర్చుగా విడిగా చూపించలేరు. పద్దులు రాసి చూపిస్తుంటే, బిల్లు తీసుకుని పెళ్లిళ్ల వాటా మేరకు మీ ఆడిటర్‌ని అడగండి.

మిర్రర్ ఉంది కదా అని మీరు బ్యాకప్ పెట్టుకోలేదు. ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా చూడటం వరకే దాని బాధ్యత. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటి బయట అనే పద్ధతికి ప్రచారం తెచ్చింది మీలాంటి ఫొటోగ్రాఫరే. ఇకమీదట ప్రతి పెళ్లి అడ్వాన్స్‌లోంచి రూ.1,000 పక్కన పెట్టండి. ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని, కాపీ తీసి అత్తగారింట్లో ఉంచండి. తర్వాత బాక్స్‌కి చిన్న యూపీఎస్.

ఒక్క డిస్క్ కోట్, కెమెరా కార్డుల్లో ఏం దొరికిందీ రెండూ నాకు రాయండి. పెళ్లివారికి ఎంత వెనక్కి ఇవ్వాల్సి వస్తుందో అప్పుడు కూర్చుని లెక్కేద్దాం.