గాంధీగారి దగ్గర నేను నేర్చుకున్నది రసీదు రాయడం

"గాంధీగారి జీవితం నుంచి మీరు నిజంగా ఆచరణలో పెట్టినది ఏదైనా ఉందా?" అని అడిగారు. ఒక్కటే ఉంది, అది అహింస కాదు. నాకు కోపం ఎక్కువ, ఆ జోలికి పోను. నేను పట్టుకున్నది జమాఖర్చుల పుస్తకం.

ఏటా అక్టోబరు 2న "కంటికి కన్ను అంటే లోకమంతా గుడ్డిదవుతుంది" అని నా ఫోనుకు కనీసం పది సందేశాలు వస్తాయి. ఆ మాట ఆయన రచనల్లో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. దొరికే ఆత్మకథను మాత్రం చదవరు.

అందులో నాకిష్టమైన ఘట్టం దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో జరిగింది. 1894లో అక్కడి భారతీయుల కోసం నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ అనే సంఘం పెట్టేనాటికి ఆయనకు 24 ఏళ్లు. దానికి చందాల కోసం తోటివాళ్లతో తిరుగుతూ టోంగాట్ అనే ఊళ్లో ఒకాయన ఇంటికి వెళ్లారు. వీళ్లు ఆరు పౌన్లు ఆశిస్తే ఆయన మూడు దాటనన్నాడు. రాత్రి పొద్దుపోయింది, అందరికీ ఆకలి. అయినా చందా తేలేదాకా భోజనానికి లేవలేదు. వెంట వచ్చినవాళ్లు లోపల ఉడికిపోతున్నా మాట తూలలేదు. తెల్లవారబోతుండగా ఆయన మెత్తబడి, ఆరూ చేతిలో పెట్టి అన్నం పెట్టాడు. వచ్చిన ప్రతి మొత్తానికీ రసీదు ఇచ్చారు. ఆ ఏటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయని చాలా ఏళ్ల తర్వాత కూడా ధీమాగా రాసుకున్నారు.

మా వీధి వినాయక చవితి కమిటీకి నన్ను కోశాధికారిని చేసినప్పుడు ఇదే గుర్తొచ్చి రెండు రసీదు పుస్తకాలు కొన్నాను. అందరూ నవ్వారు. చందాకు ఇంటి మీద పడేవాళ్లు ఎందరో, నిమజ్జనం అయ్యాక లెక్క చెప్పేవాళ్లను నేనింకా చూడలేదు. మాకు బాబాయి వరసయ్యే ఒకాయన, డబ్బివ్వకుండానే 5,000 తన పేరున మైకులో చదివించుకున్నారు.

"రసీదు రాయాలి బాబాయ్, డబ్బు?"

"ఇస్తానులేరా. నా మీద నమ్మకం లేదా?"

టోంగాట్ తలచుకుని, పులిహోర గంగాళం పక్కనే కూర్చుని ముట్టకుండా ఉండిపోయాను. రెండు గంటలు గడిచాయి. ఒక్కరూ గమనించలేదు, గంగాళం ఖాళీ అయింది! నిరాహారం పనిచేయాలంటే మన ఆకలి ఎదుటివాడికి పట్టాలని నాకప్పుడు తెలిసింది. గాంధీగారికి ఎదురైనది ఎంత పిసినారి అయినా, అతిథి పస్తుంటే నిద్రపట్టని మనిషి.

చివరికి గమనించింది పిన్ని. "ఏమిరా, తినలేదా?" అంది. సంగతి చెప్పాను. ఏమీ అనకుండా ఇంటికి వెళ్లి, బియ్యం డబ్బాలో దాచుకున్న నోట్లు తెచ్చి లెక్కపెట్టి ఇచ్చింది. రసీదు ఎవరి పేరున రాయాలని అడిగితే, "ఆయన పేరే రాయి" అంది. నేను పిన్ని పేరు రాశాను.

బాబాయి ఇప్పటికీ నాతో మాట్లాడరు. మరుసటి ఏడాది కమిటీ నన్ను తప్పించింది. ఆ రసీదు పుస్తకాలు మాత్రం మా బీరువాలోనే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.