పాత గెలుపుల ముచ్చటకు పెద్దోళ్లను పిలిచేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కుర్రాళ్లంతా కలిసి ఒక సాయంత్రం పాత ఫుట్‌బాల్ అభిమానులను కూర్చోబెట్టి, మన ఊరి జట్ల గెలుపుల గురించి ముచ్చట పెట్టిద్దామనుకుంటున్నారని తెలిసింది. చెయ్యండి. 2025లో మీ హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి పేరే మార్చుకున్నాక మీ పసుపు జెర్సీలకు బీరువా తప్ప వేరే దిక్కు లేదు కదా. అయితే ఇలాంటి కూడికలు మన దగ్గర ఎలా ముగుస్తాయో నీకూ తెలుసు. బ్యానరు, శాలువా, మైకు, గంటన్నర ఉపన్యాసం, గ్రూప్ ఫొటో. అసలు ముచ్చటంతా తర్వాత మెట్ల దగ్గర, చెప్పులు వెతుక్కునేటప్పుడు నడుస్తుంది. ఆ మెట్ల దగ్గరి మాట లోపలే వినబడాలంటే ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ఎవరికైనా ఫోన్ చేసేముందు ఒక్క కాగితం మీద ఏ గెలుపు ఎవరిదో రాసి పెట్టుకో. ఇది లేకుండా కూర్చుంటే పది నిమిషాల్లో మూడు జట్లు, రెండు రాష్ట్రాలు, ఒక దేశం అన్నీ కలిసి ఖిచిడీ అయిపోతాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ వరుసగా అయిదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరండ్ కప్ 1950, 1954, 1957లో గెలిచింది. 1961లో కూడా గెలిచింది కానీ అప్పటికి జట్టు పేరు ఆంధ్రా పోలీస్. పేరు మారిన సంగతి కాగితం మీద లేకపోతే, ఒకాయన 'సిటీ పోలీస్' అని, ఇంకొకాయన 'ఆంధ్రా పోలీస్' అని అరగంట వాదించుకుంటారు. ఇద్దరిదీ నిజమే. సంతోష్ ట్రోఫీ వేరే లెక్క, అది రాష్ట్ర జట్లది. హైదరాబాద్ పేరుతో 1956-57, 1957-58 రెండుసార్లు, ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో ఒకసారి గెలిచాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరులో. అయినా ఆ రెండు గెలుపులూ హైదరాబాద్ పేరు మీదే ఉన్నాయి. కుర్రాళ్లు ఇక్కడే తికమకపడతారు.

ఇంకో చిక్కు రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. సిటీ పోలీస్ కోచూ ఆయనే, భారత జట్టు కోచూ ఆయనే. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం భారత జట్టువి. మనవాళ్లు అందులో ఉన్నా అవి పోలీస్ జట్టు ఖాతాలో వెయ్యకు. తులసీదాస్ బలరాం విషయంలోనూ అంతే. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు, 1956-57లో హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచాడు, 1958-59లో బెంగాల్ తరఫున గెలిచాడు. మనోడే కదా అని ఆ రెండోది కూడా మన లెక్కలో రాసుకుంటే కోల్‌కతావాళ్లు ఊరుకోరు.

ఇక అసలు సంగతి. ఆ కాగితం చూస్తే ఒకటి కళ్లకు కట్టాలి. రోవర్స్ బొంబాయిలో, డ్యూరండ్ ఢిల్లీలో. అంటే ఆ ఫైనళ్లను కళ్లారా చూసిన హైదరాబాదీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఊళ్లో జనం చూడగలిగింది 1957-58 సంతోష్ ట్రోఫీ ఫైనల్, అది ఇక్కడే జరిగింది, బొంబాయిని 3-1తో కొట్టాం. మిగతావన్నీ కబురుగా వచ్చిన గెలుపులే. మీ హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచిన 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కూడా అంతే కదా! కరోనా మూలంగా ఆ సీజన్ మొత్తం గోవాలో ఆడించారు. ఛాంపియన్ అయిన జట్టు ఆ ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. తాతలదీ మనవలదీ ఒకటే అనుభవం, తమ జట్టు దూరాన ఎక్కడో గెలవడం, ఇక్కడ ఎదురుచూడటం. కాబట్టి నీ ప్రశ్నలన్నీ ఆ ఎదురుచూపు చుట్టూ తిరగాలి.

'ఎవరు గోల్ కొట్టారు, ఎన్నో నిమిషంలో' అని అడగకు. ఎనభై దాటిన మనిషిని పరీక్షలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఆయన ఒక్క పేరు తప్పు చెప్తే పక్కవాళ్లు సరిదిద్దుతారు, ఆయన ఇక నోరు విప్పడు. 'కబురు మీ ఇంటికి ఎట్లా వచ్చింది?' అని అడుగు. రేడియోలోనా, తెల్లారి పేపర్‌లోనా, ఇరానీ హోటల్ కౌంటర్ దగ్గరా? ఆ రేడియో ఎవరింట్లో ఉండేది? జట్టు తిరిగొచ్చినప్పుడు ఏ స్టేషన్‌లో దిగింది, ఎవరితో వెళ్లి చూశారు? బంతి గురించి అడుగు. అప్పటి తోలు బంతికి లేసు కుట్టు ఉండేది, వానకు నీళ్లు తాగి బరువెక్కేది, ఆ కుట్టు నుదుటికి తగిలేలా తలతో కొడితే నుదుటి చర్మం లేచేది. వట్టి కాళ్లతో ఆడినవాళ్లను చూశారా అని అడుగు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే బూట్లు తప్పనిసరి చేశారు, కాబట్టి ఈ ప్రశ్నకొచ్చే జవాబును బట్టి ఆయన చెప్పేది ఏ కాలపు సంగతో నీకు అంచనా దొరుకుతుంది.

ప్రతి మాటకూ నీ పుస్తకంలో పక్కన 'చూ' అనో 'వి' అనో గుర్తు పెట్టు. చూసింది, విన్నది. లెక్క వేసి చూడు, 1950లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు ఎనభై అయిదు పైనే. డెబ్బై ఏళ్లాయన 1950 డ్యూరండ్ గురించి పూసగుచ్చినట్టు చెప్తున్నాడంటే అది వాళ్ల నాన్న చెప్పిన కథ. కొట్టిపారెయ్యకు, దానికీ విలువుంది, కానీ రెండూ ఒకే గంపలో వెయ్యకు. 'మీ నాన్నగారు ఇది ఎప్పుడు చెప్పేవారు?' అని మెల్లగా అడుగు. కథ ఎవరిదో ఆయనే ఒప్పుకుంటాడు, చిన్నబుచ్చుకోడు. మీ కుర్రాళ్లకూ ఇదే సూత్రం. రహీం సాబ్ గురించి వాళ్లకు తెలిసిందంతా 'మైదాన్' సినిమాలో చూసిందే అయితే అదీ 'వి' కిందికే.

మందిని ఎక్కువ పిలవకు. పెద్దవాళ్లు అయిదుగురు, మీరు పది పన్నెండు మంది, చాలు. ఇరవై దాటితే మైకు కావాలి, మైకు వచ్చిందంటే ఉపన్యాసం వచ్చినట్టే. అయిదుగురినీ ఒకే బస్తీ నుంచి తీసుకురాకు. బార్కస్ నుంచి ఒకరు, సికింద్రాబాద్ వైపు లాలాగూడ, బొల్లారం నుంచి ఒకరిద్దరు, మల్లేపల్లి నుంచి ఒకరు ఉంటే ఒకే మ్యాచ్‌కు నాలుగు వైపుల కథ దొరుకుతుంది. పెద్ద ఆటగాళ్ల కోసమే పాకులాడకు. వాళ్లు వంద ఇంటర్వ్యూలు ఇచ్చి ఉంటారు, మాట అరిగిపోయి ఉంటుంది. గోల్ వెనక నిలబడి బంతి తెచ్చిచ్చినవాడు, పోలీస్ క్వార్టర్స్‌లో పెరిగినవాడు నయం.

చోటు కింది అంతస్తులో ఉండాలి. పాత ఆటగాళ్లకు మోకాళ్లే ముందు పోతాయి, మేడ మీద అన్నావంటే మొహమాటానికి వస్తామంటారు, రారు. చేతులున్న కుర్చీలు వెయ్యి, లేవడానికి ఆసరా. సోఫాలో కూరుకుపోతే లేపడానికి ఇద్దరు కావాలి. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి మగ్రిబ్ నమాజ్ వేళకు ముగించు. శుక్రవారం వద్దు, రంజాన్ నెలలో అసలే వద్దు. వినికిడి తగ్గినవాళ్లను ఏ చెవి బాగుందో ముందే అడిగి, నువ్వు ఆ వైపు కూర్చో. ఉర్దూ చదవగలిగిన మనిషి ఒక్కడైనా ఉండాలి. తెచ్చే కత్తిరింపుల్లో సగం ఉర్దూ పేపర్లవే. మాట ఉర్దూలోకో, తెలుగులోకో, దక్కనీలోకో ఎటు జారినా అటే పోనివ్వు, మధ్యలో 'తెలుగులో చెప్పండి' అనకు.

చాయ్ సంగతి చిన్నది కాదు. ఇరవై మందికి తొంభై మిల్లీలీటర్ల కప్పు, మూడు విడతలు అంటే అయిదున్నర లీటర్లు. ఇరానీ హోటల్ నుంచి తెప్పిస్తే డికాషన్ ఒక ఫ్లాస్కులో, పాలు ఒక ఫ్లాస్కులో వేరుగా పోయించుకో. కలిపిన చాయ్ గంట నిలవుంటే చేదెక్కి మీగడ కడుతుంది. చక్కెర లేనిది ఒక చిన్న ఫ్లాస్కు విడిగా ఉండాలి, దాని మీద రాసి అంటించు. మొదటి విడత వాళ్లు కూర్చోగానే ఇవ్వాలి. ఉస్మానియా బిస్కెట్లు పళ్లేల్లో సర్ది ముందే పెట్టు, మధ్యలో పొట్లం చప్పుడు మొత్తం రికార్డింగ్‌లోకి ఎక్కుతుంది.

రికార్డింగ్‌కు రెండు ఫోన్లు పెట్టు. రెండూ ఫ్లైట్ మోడ్‌లో, ఫుల్ ఛార్జింగ్‌తో, కనీసం నాలుగు జీబీ ఖాళీతో. కప్పులు పెట్టే బల్ల మీద ఫోన్ పెట్టకు, సాసర్ తగిలిన ప్రతిసారీ ఒక మాట పోతుంది. విడిగా స్టూల్ వేసి, తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో పెట్టు. ఫ్యాన్ సరిగ్గా కింద వద్దు. మొదట తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో నువ్వే పైకి చదువు. రికార్డు చేస్తున్నామని చెప్పి 'సరే' అనిపించుకో, ఆ 'సరే' కూడా అందులో ఉండాలి. ఇది మరిచిపోతే తర్వాత ఆ ఆడియోను ఎక్కడా వాడుకోలేవు.

గొడవ వస్తుంది. రాకపోతేనే అనుమానించు. ఫలానా ఫైనల్ ఒక రోజులో తేలిందా, మళ్లీ ఆడించారా అని ఇద్దరు పెద్దవాళ్లు పట్టుబడతారు. నువ్వు జేబులోంచి ఫోన్ తీసి వెతికావో, ముచ్చట అక్కడితో ఖతం. ఇద్దరి మాటా రాసుకో, 'తర్వాత చూద్దాం సాబ్' అను. మర్నాడు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి పాత పేపర్లు అడుగు. సియాసత్ 1949 నుంచి వస్తోంది, ఆ కాలమంతా దానికి తెలుసు. వెతికేటప్పుడు చెప్పిన ఏడాది ఒక్కటే తిరగెయ్యకు. ఒక ఏడాది చివర్లో మొదలైన టోర్నీలు మరుసటి ఏడాదికి పాకేవి. అటు రెండు నెలలు, ఇటు రెండు నెలలు చూడు.

ఫొటోల విషయంలో చేయి జాగ్రత్త. జిగురు ఆల్బమ్‌లో అంటుకుపోయిన ఫొటోను పీకకు, పై పొర చినిగిపోతుంది. ప్లాస్టిక్ కాగితం పైకెత్తి, పేజీతో సహా కిటికీ పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసుకో. విడిగా ఉన్నవైతే 600 డీపీఐలో స్కాన్ చెయ్యి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడు, బాల్‌పెన్ ముందువైపుకు అచ్చు దిగుతుంది. లామినేషన్ చేయిస్తామని ఎవరైనా ఉత్సాహపడితే ఆపు, ఒకసారి చేశాక అది ఊడిరాదు. జట్టు ఫొటో మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, తలల ఆకారం మెల్లగా గీసి, ఒక్కో తలకు నంబరు వెయ్యి. నిల్చున్నవాళ్లు, కుర్చీల్లో ఉన్నవాళ్లు, నేల మీద కూర్చున్నవాళ్లు, మూడు వరుసలూ విడివిడిగా పేర్లు అడుగు. 'ఎడమ నుంచి' అన్నప్పుడు చూసేవాళ్ల ఎడమా, ఫొటోలో ఉన్నవాళ్ల ఎడమా అని తేల్చుకో, తప్పులన్నీ అక్కడే పుడతాయి. ముందు పెట్టిన కప్పును చూసి ఏడాది రాసెయ్యకు, ఒక సీజన్‌లో గెలిచినవన్నీ పేర్చి ఒకే ఫొటో దిగడం మామూలే.

మీ ఐఎస్ఎల్ కప్పు ముచ్చటను చివరికి ఉంచు. మొదట్లోనే వీడియో వేస్తే అందరి మెడలూ తెర వైపు తిరిగి, మళ్లీ ఇటు రావు. అటు మళ్లించడానికి ఒక్క పేరు చాలు, కోల్‌కతా జట్టు మోహన్ బగాన్. 1950 డ్యూరండ్ ఫైనల్‌లో ఎదురు నిలిచింది వాళ్లే, 1961 ఫైనల్‌లోనూ వాళ్లే. 2022 సెమీఫైనల్లో రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2తో మీరు దాటిందీ ఏటీకే మోహన్ బగాన్‌నే. పెద్దాయన 1961 గురించి చెప్పి ఆగగానే మీలో ఒకడు 'మేమూ కొట్టాం సాబ్' అంటే చాలు, అక్కణ్ణుంచి ముచ్చట దానంతటదే నడుస్తుంది.

వీడియో మూడు నిమిషాలు మించొద్దు. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా, ఐఎస్ఎల్ ఫైనల్. 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ రాహుల్ గోల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బ, ఆపైన పెనాల్టీలు 3-1. పెద్దవాళ్లు ఒక దగ్గర తప్పకుండా పొరపడతారు. స్టాండ్స్ నిండా పసుపు రంగు చూసి 'అబ్బో, మనవాళ్లు ఇంతమందా' అంటారు. ఆ జనం కేరళవాళ్లు. వాళ్ల పసుపు స్టాండ్స్‌లో ఉండిపోయి, మైదానంలో పసుపు వేసుకునే హక్కు మనకు వచ్చింది, వాళ్ల జట్టు నల్ల జెర్సీలతో ఆడింది. ఇది చెప్తే నవ్వుతారు, ఎవరో ఒకరు బొంబాయి కూపరేజ్ మైదానంలో పరాయి జనం మధ్య ఆడిన సంగతి ఎత్తుతారు. మన గోల్‌కీపర్ కట్టిమణి ఒక పెనాల్టీ ఆపాక, గీత దాటి ముందుకొచ్చాడని మళ్లీ కొట్టిస్తే దాన్నీ ఆపాడు. అక్కడ వీడియో ఆపు. గోల్‌కీపర్ల గురించి మాట్లాడటానికి పెద్దవాళ్లకు వాళ్ల కాలపు తంగరాజ్ ఉన్నాడు. ధ్వని మాత్రం తగ్గించి వెయ్యి, కామెంటరీ అరుస్తుంటే వాళ్ల మాట వినబడదు.

శాలువాలు కప్పాలని ఎవరైనా పట్టుబడితే పోట్లాడకు, వెళ్లేముందు గుమ్మం దగ్గర కప్పండి. ఆటో, క్యాబ్ ముందే మాట్లాడి పెట్టు. ఆడియో రెండు చోట్ల దాచాకే ఫోన్లోంచి తీసెయ్యి, వారం లోపల రాయించు. ఆలస్యమైతే ఏ గొంతు ఎవరిదో మీకే గుర్తుండదు. ఫొటోలు, కత్తిరింపులు మాత్రం వాళ్లు తెచ్చిన కవర్లోనే పెట్టి మర్నాడే నువ్వు స్వయంగా ఇంటికి తీసుకెళ్లి చేతికివ్వు. కొరియర్ వద్దు. నువ్వు వెళ్లినప్పుడు ఆయన లోపలికి పిలిచి, మొన్న తేవడం మరిచిపోయిన ఇంకో డబ్బా తీస్తాడు. జేబులో ఛార్జింగ్ ఉన్న ఫోన్, మెత్తటి పెన్సిల్ ఉంచుకుని వెళ్లు.

మీ పెదనాన్న