ఇటలీ రెస్టారెంట్ బిల్లులో కనిపించే ‘కోపెర్తో’ టిప్పేనా?

కాదు, కోపెర్తో టిప్పు కాదు. టేబుల్ దగ్గర కూర్చుని తిన్నందుకు మనిషికి ఇంత అని రెస్టారెంట్ వేసే ఛార్జీ. మామూలుగా తలకు 1 నుంచి 3 యూరోల దాకా ఉంటుంది. టేబుల్ మీద గుడ్డ, ప్లేట్లు, గ్లాసులు, అడగకుండానే తెచ్చిపెట్టే బ్రెడ్డు అన్నీ అందులోకే వస్తాయి. ఒక కుటుంబం నడుపుకునే త్రత్తోరియాల్లాంటి చిన్న భోజనశాలల్లోనూ ఇది మామూలే. టూరిస్టులని చూసి బాదారనుకోనక్కర్లేదు, పక్క టేబుల్ దగ్గరున్న ఊరివాళ్లూ కడతారు.

ఫ్లోరెన్స్‌లో నలుగురు భోంచేశారు, కోపెర్తో 2 యూరోలు అనుకుందాం. పాస్తా, వైన్ ఖరీదుకు ఇంకో 8 యూరోలు కలుస్తాయి. బ్రెడ్డు ముట్టుకోలేదని వాదించినా సాధారణంగా తగ్గించరు, ఎందుకంటే లెక్క బ్రెడ్డుకి కాదు, కుర్చీకి. అయితే ఈ రేటు మెనూలో రాసి ఉండాలి. లేకపోతే నిలదీసి అడగొచ్చు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో మాత్రం 2006 నాటి ప్రాంతీయ చట్టం కోపెర్తోను నిషేధించింది. అక్కడ చాలాచోట్ల దాని బదులు బ్రెడ్డు పేరుతో ఛార్జీ కనిపిస్తుంది. బ్రెడ్డు వద్దనుకుంటే ముందే చెప్పడం మేలు.

ఈ డబ్బు వెయిటర్‌కి వెళ్తుందని చాలామంది పొరబడతారు. అది రెస్టారెంట్‌కే చేరుతుంది. ‘సెర్విత్సియో’ అని శాతం లెక్కన వేసే సర్వీస్ ఛార్జీ ఇంకొకటి, అది అన్నిచోట్లా ఉండదు. టిప్పు తప్పనిసరేం కాదు. నచ్చితే ఒకటి రెండు యూరోలు వదిలినా చాలు.