పడవ ట్రైలర్ మీద మెత్తలు మార్చాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నాకు 14 అడుగుల ఫైబర్ బోటు ఉంది, వెనక ఔట్‌బోర్డ్ ఇంజన్. సెలవు రోజుల్లో భీమిలి వైపు తీసుకెళ్ళి గాలం వేస్తుంటాం. ట్రైలర్ మీద బోటు ఆనే రెండు పొడుగు చెక్కలకి మెత్త చుట్టి ఉంటుంది కదా, అది చిరిగిపోయింది, ఒక పక్క చెక్క కూడా పుచ్చిపోయి వేలితో నొక్కితే దిగిపోతోంది. సోఫాలు కుట్టే అతను మంచి ఫోమ్ పెట్టి పైన రెగ్జిన్ వేసిస్తా, బోటుకి మెత్తగా ఉంటుంది అంటున్నాడు. వేయించేయమంటారా? బోటు ట్రైలర్ మీంచి దింపకుండా ఈ పని అవుతుందా?
ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: ఫోమ్ వద్దండి, రెగ్జిన్ అసలే వద్దు. సోఫా మీద మనిషి కూర్చుని లేచిపోతాడు, బోటు అలా కాదు కదా, వారాల తరబడి అదే చోట అదే బరువుతో ఉంటుంది, ఫోమ్ కొన్నాళ్ళకే అణిగిపోతుంది. పైగా ఉప్పునీళ్ళు పీల్చుకుని వదలదు. రెగ్జిన్ కుట్లలోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి గానీ ఆరే దారి ఉండదు, మన విశాఖ గాలిలో మామూలుగానే ఏదీ తొందరగా ఆరదు, ఇంక కింద చెక్క సంగతి చెప్పక్కర్లేదు. రోజుల తరబడి తడి ఆనుకుని ఉంటే ఫైబర్ పైనుండే జెల్‌కోట్ కింద కూడా చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి.

చెక్కకి మెత్తగా చుట్టే ఆ గుడ్డ ఉన్నది బోటుకి గీతలు పడకుండా, నీళ్ళు జారిపోవడానికి. బరువు మోసేది చెక్క. అందుకే గుడ్డ గురించి తర్వాత చూద్దాం, ముందు చెక్క బోటు అడుగున ఎక్కడ ఆనుతోందో చూడండి. ఇంజన్ తగిలించే వెనక గోడ ఉంది చూడండి, ట్రాన్సమ్ అంటారు, చెక్క దాని కిందిదాకా రావాలి. చాలా ట్రైలర్ల మీద చెక్క ఒక అడుగు ముందే ఆగిపోయి ఉంటుంది, అప్పుడు ఇంజన్ బరువంతా ఆధారం లేకుండా వెనక్కి వేలాడుతుంది, రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా అడుగు ఆ చెక్క చివర దగ్గర వంగుతుంది, ఏళ్ళు గడిచేసరికి అక్కడ వంపు ఉండిపోతుంది. ఆ వంపు వచ్చిన బోటు నీళ్ళలో ముక్కు కిందికి పెట్టి నడుస్తుంది, స్పీడు పడిపోతుంది, మెకానిక్ ఇంజన్ విప్పి చూస్తే అందులో ఏమీ ఉండదు. కాబట్టి కొత్త చెక్క కోయించేటప్పుడు పాతదాని కొలతే గుడ్డిగా ఇవ్వకండి, ట్రాన్సమ్ దాకా కొలిచి ఇవ్వండి. అలాగే బోటు లోపల పొడుగునా వెళ్ళే గట్టి దూలాలు ఉంటాయి, స్ట్రింగర్లు, చెక్కలు వీలైనంత వాటి కిందే పడాలి, మధ్యలో పల్చటి చోట కాదు.

చెక్క అంటారా, టింబర్ డిపోలో టేకు చేవ అడగండి, 4 అంగుళాల వెడల్పు 2 అంగుళాల మందం సరిపోతుంది. చేవ అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే బయటి తెల్ల భాగం టేకైనా సరే పుచ్చిపోతుంది. ప్లైవుడ్ ముక్కలు అంటించి ఇస్తామంటే ఒప్పుకోకండి, పొరలు విడిపోతాయి. కోసి బెజ్జాలు కూడా వేశాక పూర్తిగా ఆరనిచ్చి ఎపాక్సీ గానీ మంచి ప్రైమర్ గానీ పట్టించండి, ముఖ్యంగా రెండు చివర్లకీ, బెజ్జాల లోపలా, నీళ్ళు ఎక్కువగా పీల్చేవి అవే.

బోల్టుల దగ్గర చాలామంది తొందరపడతారు. గుండ్రటి తల, దాని కింద చదరపు మెడ ఉన్న బోల్టు తీసుకోండి. పైన చెక్కలో గుంట చేసి, తల చెక్క మట్టం కన్నా కనీసం పావు అంగుళం లోపలికి దిగేలా కూర్చోబెట్టాలి. ఎందుకంటే గుడ్డ అరిగాక తల బయటికొస్తే అదే బోటు అడుగుని తొలిచేస్తుంది, ఎన్నో బోట్లకి అక్కడే చిల్లి పడుతుంది. ట్రైలర్ గాల్వనైజ్డ్ అయితే బోల్టులూ గాల్వనైజ్డ్‌వే వేసుకోండి.

ఇప్పుడు గుడ్డ. ఇంట్లో వేసే కార్పెట్ కాదు, దాని వెనక జనపనారో రబ్బరో ఉంటుంది, ఒకటి కుళ్ళుతుంది ఇంకోటి నీళ్ళు పట్టేస్తుంది. వెనక ఏ పూతా లేని సింథటిక్ కార్పెట్ కావాలి, పాలీప్రొపిలీన్‌ది దొరికితే మంచిది. చెక్క చుట్టూ బిగించి లాగి, పిన్నులన్నీ అడుగు వైపే కొట్టండి, పైన గానీ అంచు మీద గానీ ఒక్కటి కూడా వద్దు. పిన్నులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌వి, మామూలువి సముద్రం దగ్గర ఒక సీజన్‌కే తుప్పుపట్టి ఊడిపోతాయి. అడుగంతా మూసేయకండి, మధ్యలో చెక్క కనపడేలా వదిలేస్తే నీళ్ళు కారిపోతాయి.

బోటు పూర్తిగా దింపకుండానే పని అవుతుంది. మన బీచ్‌లో అలలుంటాయి కాబట్టి నీళ్ళలో కట్టేసి వచ్చి పని చేసుకుందాం అనుకోకండి. చదునైన గట్టి నేల మీద పెట్టి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు వేసి, ఇంజన్ విప్పగలిగితే విప్పేయండి. ట్రైలర్ ముందు కొన జాకీతో పూర్తిగా కిందికి దించితే వెనక భాగం పైకి లేస్తుంది. అప్పుడు ట్రాన్సమ్ రెండు మూలల కిందా గట్టి దిమ్మలు, వాటి మీద పాత టైరు ముక్కలు పెట్టి, వించ్ పట్టీ, అంటే బోటు ముక్కుని ట్రైలర్‌కి లాగి పట్టుకునే పట్టీ, కొంచెం వదులు చేసి, ముందు కొన మెల్లిగా పైకి ఎత్తండి, ట్రైలర్ వెనక కిందికి దిగుతుంది, బోటు దిమ్మల మీద ఆగిపోతుంది. ఒకేసారి రెండు చెక్కలూ తీయకండి, ఒకటి మార్చి బిగించాకే రెండోది. బోటు కింద చెయ్యి పెట్టినా తల పెట్టకండి, పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకండి, ఇది మాత్రం దయచేసి మర్చిపోవద్దు. పాత చెక్క విప్పేముందు దాన్ని ట్రైలర్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ల ఎత్తూ వాలూ మార్కర్‌తో గీసి ఫోటో తీసి పెట్టుకోండి. కొత్తది వేశాక నట్లు వదులుగానే ఉంచి, బోటు బరువు దాని మీద కూర్చున్నాక బిగించండి, వాలు దానంతటదే సర్దుకుంటుంది. మొదటి ట్రిప్పు అయ్యాక మళ్ళీ ఒకసారి బిగించాలి.

ఇంకో మాట, వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా హార్బర్ దగ్గర అందరూ బోట్ల రిపేర్లలోనే ఉంటారు, మీకు వడ్రంగి గానీ ఫైబర్ పనివాడు గానీ కావాలంటే నిషేధం మొదలవకముందే చూసుకోండి.

ప్రశ్న: మాది అల్యూమినియం బోటు అండి. పుచ్చు పట్టని పచ్చరంగు ట్రీటెడ్ చెక్క వేస్తే పదేళ్ళు చూడక్కర్లేదు అన్నారు, నిజమేనా? గుడ్డ బదులు ప్లాస్టిక్ పట్టీలు వేయొచ్చా?
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చెక్క పుచ్చదు గానీ బోటు పోతుందండి. ఆ పచ్చదనం రాగి ఉప్పులది. రాగి, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీళ్ళతో తడిసిన కార్పెట్, మూడూ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది, గుంటలు పడి చివరికి బెజ్జాలవుతాయి. ఫైబర్ బోటుకైతే ఈ బాధ లేదు. మీరు టేకుకే వెళ్ళండి.

ప్లాస్టిక్ పట్టీలు వేసుకోవచ్చు, నీళ్ళు పీల్చవు, ఇసక పట్టి ఉండదు, స్క్రూ తలలు లోపలికి దిగేలా చూసుకోండి చాలు. కానీ వాటి మీద బోటు చాలా తేలిగ్గా జారుతుంది. గుడ్డ అలవాటున్నవాళ్ళు వాలు మొదలవకముందే వించ్ పట్టీ విప్పేస్తుంటారు, ప్లాస్టిక్ మీద అలా చేస్తే బోటు కాంక్రీటు మీదే పడుతుంది. నీళ్ళు తగిలేదాకా పట్టీ విప్పొద్దు, ఇంట్లో అందరికీ ఇది చెప్పండి.

ప్రశ్న: కొత్త చెక్కలు వేయించి ఏడాది కాలేదు, ఒకటి మధ్యలో వంగిపోయింది. బోటు ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఉంటుంది. చెక్క మంచిది కాదంటారా?
ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అమ్మా, చెక్కని అనేముందు వర్షాకాలంలో అడుగున నీళ్ళు పోయే బెజ్జానికి పెట్టే మూత, డ్రెయిన్ ప్లగ్, తీసి ఉంచారో లేదో చూడండి. లోపలి వైశాల్యం 5 చదరపు మీటర్లనుకుందాం, 100 మిల్లీమీటర్ల వాన పడితే 500 లీటర్లు, అంటే అరటన్ను, ఆ రెండు చెక్కల మీదే. అక్టోబర్, నవంబర్ తుపాన్లలో మనకి అంత వాన ఒక్క రోజులో పడడం వింతేం కాదు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరు ఎలా అయిందో చూశాం కదా. బోటు పార్క్ చేసినప్పుడు ప్లగ్ తీసేసి, ముందు భాగం కొంచెం ఎత్తులో ఉంచి, పైన టార్పాలిన్ నీళ్ళు నిలవకుండా వాలుగా కట్టండి. తుపాను హెచ్చరిక వస్తే బోటుని ట్రైలర్‌కి, ట్రైలర్‌ని నేలలో పాతిన గట్టి దేనికైనా కట్టేయండి. వంగిన చెక్క ఎలాగూ మార్చాలి, ఈసారి బ్రాకెట్ల మధ్య దూరం ఎక్కువుంటే మధ్యలో ఇంకో బ్రాకెట్ వేయించండి.