పలాస జీడిపప్పు కార్మికుల పిల్లలకు ప్రభుత్వ క్రెష్ ఎందుకు, ఎలా?

అంగన్‌వాడీ ఉండగా మళ్లీ క్రెష్, అంటే తల్లులు పనికెళ్లినప్పుడు పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం, ఎందుకని కొందరు అడిగారు. అంగన్‌వాడీలో ప్రీస్కూల్ మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లకు బాలామృతం అనే పోషకాహార పొడి ఇంటికిస్తారు, అంతే. పగలంతా పిల్లను చూసుకోరు. చిక్కు అక్కడే. పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి కూలి కిలోల లెక్కన. చంటిబిడ్డ ఏడ్చినప్పుడల్లా లేస్తే ఆ మేరకు డబ్బు పోయినట్టే. పోనీ వెంట తీసుకెళ్దామంటే, జీడితొక్క నూనె తగిలిన చోట చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. చివరికి చంటిబిడ్డను చూసుకోవడానికి బడి మానేది ఇంట్లో పెద్దపిల్ల.

మహిళల కోసం కేంద్రం నడిపే మిషన్ శక్తి కింద 2022 నుంచి ఉన్న ‘పాల్నా’ క్రెష్ పథకం ఈ లోటు కోసమే. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు చేర్చుకుంటారు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. మీ వీధికి కావాలంటే అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారికి (సీడీపీఓ) అందరూ కలిసి అర్జీ పెట్టండి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలతో పాటు తల్లుల పనివేళలూ రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. పని దిగకముందే సెంటర్ మూస్తే ఉండీ లాభం లేదు.

50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ యజమానే పెట్టాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. చిన్న యూనిట్లకు ఆ నిబంధన వర్తించదు, వాళ్లకు పాల్నాయే దిక్కు.